పాత బండికి కొత్త గుండె

అమెరికా చరిత్ర అనగానే మనకు వాషింగ్టన్, లింకన్, అంతర్యుద్ధం, చంద్రమండల యాత్ర గుర్తుకు వస్తాయి. పాఠ్యగ్రంథాలలో ఉన్నది ఆ చరిత్రే. కాని ఈ దేశంలో సామాన్యుడి చరిత్ర చాలా భాగం ఇంటి పక్క గరాజులలో, నూనె మరకలు పడిన సిమెంటు నేల మీద వ్రాయబడిందని ఇక్కడ కొన్నేళ్ళు కాపురమున్నవారెవరైనా ఒప్పుకుంటారు. ఆ గరాజు చరిత్రలోని ఒక అధ్యాయాన్ని ఈ ఉత్సవ సంచిక పాఠకుల ముందుంచాలని మా సంకల్పం. పాత స్పోర్ట్స్ కారులోంచి దానితో పుట్టిన ఇంజనును ఊడదీసి, దాని చోట అంతకంటే కొత్తదీ, బలమైనదీ అయిన వేరొక ఇంజనును కూర్చోబెట్టి, పందెపు బాట మీద పరుగెత్తించే విద్య గురించి ఈ వ్యాసం.

సాంస్కృతిక సంచికకు ఇది తగిన విషయమేనా అని కొందరికి సందేహం కలగవచ్చు. ఇక్కడి మనవాళ్ళలో ఇంజనీర్లకు కొదవ లేదు. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలలో కొందరు పాత కారొకటి కొని తెచ్చి, స్టాండ్ల మీద నిలబెట్టి, దీనికి వేరే ఇంజను పెడతామంటున్నారు. తల్లిదండ్రులకు అది డబ్బు దండుగగాను, ప్రాణాపాయంగాను కనిపిస్తుంది. ఆ రెండు భయాలూ అర్థం లేనివి కావు. అయితే ఈ పనికి తొంభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఎవరు చేసి గెలిచారు, ఎవరు ఎక్కడ దెబ్బ తిన్నారు అన్నది ఆ చరిత్రలో స్పష్టంగా ఉంది. అది తెలిస్తే భయానికి మందు కూడా అందులోనే దొరుకుతుందని మా నమ్మకం.

ఎడ్లబండి ఎరిగిన మనవారికి ఈ విద్యలోని మర్మం ఒక్క మాటలో చెప్పవచ్చు. ముసలి ఎడ్లను విప్పి, పాత బండికి బలిసిన ఒంగోలు గిత్తలను కట్టామనుకోండి. బండి వేగంగా పోతుంది, నిజమే. కాని ఇరుసు ఆగుతుందా? కాడి ఆగుతుందా? అడ్డం వచ్చినప్పుడు పగ్గం లాగితే నిలుస్తుందా? ఇంజను మార్పిడి చరిత్ర అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగినదే.

ఎండిన సరస్సుల మీద

దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిన సరస్సులున్నాయి. చెట్టూ చేమా లేని, బల్లపరుపుగా గట్టిపడిన మట్టినేలలు. 1930లలో లాస్ ఏంజిలిస్ కుర్రాళ్ళు తమ పాత కార్లను అక్కడికి తీసుకుపోయి, ఎవరిది ఎంత వేగంగా పోతుందో కొలుచుకునేవారు. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుడు కొనగల ధరలో ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజనును తెచ్చింది. దెబ్బతిన్న కొత్త కారులోంచి ఆ ఇంజనును తీసి, తేలికైన పాత ఫోర్డులో పెట్టడం ఆ కుర్రాళ్ళకు వ్యసనమైంది. 1937లో వారి క్లబ్బులన్నీ కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. తేలికైన పాత శరీరం, బలమైన కొత్త గుండె అనే సూత్రం అక్కడ పాదుకొన్నది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక ఆ సూత్రం సముద్రం దాటింది. ఇంగ్లండులో సిడ్నీ అలార్డ్ అనే ఆయన తన స్పోర్ట్స్ కార్లకు అమెరికా ఇంజన్లు వేయడం మొదలుపెట్టాడు. 1949లో కాడిలాక్ కంపెనీ 5.4 లీటర్ల కొత్త వి-8 తెచ్చింది. పాత ఇంజన్లలో వాల్వులు సిలిండర్ల పక్కన ఉండేవి. ఇందులో అవి పైన అమర్చబడ్డాయి. అందువల్ల గాలి, పెట్రోలు సులువుగా లోపలికి పోయి 160 అశ్వశక్తి వచ్చింది. ఆ ఇంజను వేసిన అలార్డ్ కారు 1950లో ఫ్రాన్సు దేశపు లెమాన్ 24 గంటల పందెంలో మూడవ స్థానంలో నిలిచింది. ఆ పందెంలో అలార్డ్, ఆయన జోడీ టామ్ కోల్ నడిపిన కారులో గేర్‌బాక్సు చెడిపోయి, పై గేరు ఒక్కటే మిగిలింది. దానితోనే గమ్యం చేరారు. గుండె తట్టుకుంది, గేర్‌బాక్సు తట్టుకోలేదు. ఈ విద్యకు మొదటి పాఠం అదే.

ఒక ఇంజను, మూడు ఇళ్ళు

ఇప్పుడు మన కథానాయిక వద్దకు వద్దాం. ఇంగ్లండులో సర్రే జిల్లా థేమ్స్ డిటన్‌లో ఏ.సి. కార్స్ అనే చిన్న కంపెనీ ఉండేది. 1953లో అది ‘ఏస్’ అనే చక్కని స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. జాన్ టొజీరో అనే ఆయన తయారు చేసిన చట్రం దానికి ఆధారం. మూడంగుళాల మందమున్న రెండు ఉక్కు గొట్టాలు నిలువునా, వాటి మధ్య అడ్డు గొట్టాలు, నిచ్చెనలాగ ఉండేది. ముందొక కమాను పట్టీల కట్ట, వెనకొకటి అడ్డంగా అమర్చి, నాలుగు చక్రాలూ దేనికది విడిగా ఆడేటట్లు చేశారు. పైన అల్యూమినియం రేకు. కారు తేలిక, పొందిక. లోపమల్లా గుండెలోనే. ఏ.సి. వారి సొంత ఇంజను 1919 నాటి నమూనా. ముప్పై నాలుగేళ్ళ ముసలిది.

1956 నుంచి ఆ కారులోకి బ్రిస్టల్ ఇంజను వచ్చింది. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోదగ్గవి. ఆ ఇంజను అసలు పుట్టింది జర్మనీలో. 1936లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ ‘328’ అనే స్పోర్ట్స్ కారుకు రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనును చేసింది. యుద్ధంలో జర్మనీ ఓడిన తరువాత ఆ నమూనా కాగితాలు ఇంగ్లండు చేరాయి. దాన్ని రూపొందించినవారిలో ఒకడైన ఫ్రిట్జ్ ఫీడ్లర్ కూడా వచ్చి, విమానాల కంపెనీ అయిన బ్రిస్టల్ వారికి సాయపడ్డాడు. అలా జర్మన్ ఇంజను ఇంగ్లీషు పేరు పెట్టుకుని, బ్రిస్టల్ కార్లలో కొన్నేళ్ళు కాపురం చేసి, ఆ తరువాత ఏ.సి. ఏస్‌లో మూడవ ఇంటికి వచ్చింది. ఆ కారు 1959 లెమాన్ పందెంలో రెండు లీటర్ల తరగతి గెలిచి, మొత్తం మీద ఏడవ స్థానం పొందింది.

ఈనాడు అభిమానులు పవిత్రమైన అసలు కారుగా పూజించే ఏస్-బ్రిస్టల్ అప్పటికే ఒక మార్పిడి కారు అని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ మాట మనకు మళ్ళీ అవసరపడుతుంది.

1961లో బ్రిస్టల్ వారు ఆ ఇంజను తయారీ ఆపివేశారు. ఏ.సి. కంపెనీకి కారు ఉంది, గుండె లేదు.

టెక్సాస్ కోళ్ళ రైతు

సరిగ్గా అదే సమయానికి అమెరికాలో ఒక మనిషికి గుండె చెడింది. ఆయన కారల్ షెల్బీ. 1923లో టెక్సాస్ రాష్ట్రంలో లీస్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. యుద్ధకాలంలో విమానం నడిపాడు. తరువాత కోళ్ళ పెంపకం పెట్టాడు. మొదటి విడత లాభం వచ్చింది; రెండవ విడత కోళ్ళు రోగమొచ్చి చచ్చిపోయాయి. కార్ల పందాలకు దిగి, పొలం పని బట్టలతోనే పోటీలకు వెళ్ళి పేరు పొందాడు. కాడిలాక్ గుండె ఉన్న అలార్డ్ కార్లను కూడా నడిపాడు. 1959లో రాయ్ సాల్వడోరితో కలిసి ఆస్టన్ మార్టిన్ కారులో లెమాన్ పందెం గెలిచాడు. కాని అప్పటికే గుండె జబ్బు బయటపడింది. 1960లో నైట్రోగ్లిజరిన్ మాత్ర నాలుక కింద పెట్టుకుని పందాలు పూర్తి చేసి, ఆ ఏటితో విరమించాడు.

నడపడం పోయింది గనుక చేయించడం మిగిలింది. 1961 శరదృతువులో షెల్బీ ఏ.సి. కంపెనీకి ఉత్తరం వ్రాశాడు: మీ ఏస్ కారులో అమెరికా వి-8 పట్టేటట్లు చేసి ఇస్తారా అని. తగిన ఇంజను చూపిస్తే చేస్తామని వారు జవాబిచ్చారు. సరిగ్గా అప్పుడే ఫోర్డు కంపెనీ తన మధ్యతరగతి ఫెయిర్‌లేన్ కారుకోసం ఒక చిన్న వి-8 తయారు చేసింది. దాని గొప్పతనం పోతలో ఉంది. పలుచని గోడలతో ఇనుమును పోతపోసే కొత్త పద్ధతి వల్ల, ఎనిమిది సిలిండర్లున్నా ఆ ఇంజను బరువు పాత ఆరు సిలిండర్ల ఇంజనుకు మరీ ఎక్కువ కాలేదు. పొట్టిది, సన్ననిది. మొదట 3.6 లీటర్లు, వెంటనే 4.2 లీటర్లకు పెంచారు. బ్రిస్టల్ ఇచ్చినది సుమారు 125 అశ్వశక్తి అయితే, ఇది రెట్టింపుకు పైగా ఇచ్చింది.

ఇంజను మార్పిడిలో బరువు సంగతి ఎంత ముఖ్యమో ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. ముందు భాగంలో బరువు పెరిగితే కారు మలుపు తిరగనని మొరాయిస్తుంది; సూటిగా పోతుంది. ఫోర్డు ఇంజను పొట్టిదిగా ఉండబట్టి, దాన్ని చట్రంలో వెనక్కి, డ్రైవరు కాళ్ళ దగ్గరగా జరిపి పెట్టే వీలు కలిగింది. అందుచేత శక్తి రెట్టింపైనా కారు తూకం చెడలేదు. షెల్బీ అదృష్టం ఇంజను బలంలో ఎంత ఉందో, దాని కొలతల్లో అంత ఉంది.

ఎనిమిది గంటల పని, మూడేళ్ళ పని

1962 ఫిబ్రవరిలో ఇంజను లేని కారు ఒకటి ఇంగ్లండు నుంచి విమానంలో లాస్ ఏంజిలిస్ వచ్చింది. దాని చట్రం నంబరు సి.ఎస్.ఎక్స్. 2000. షెల్బీ బృందం డీన్ మూన్ అనే ఆయన షాపుకు దాన్ని చేర్చి, ఫోర్డు ఇంజనూ గేర్‌బాక్సూ అందులో దించి, ఎనిమిది గంటలు తిరక్కుండానే రోడ్డు మీదికి తెచ్చారు. కోబ్రా అన్న పేరు తనకు కలలో వచ్చిందని షెల్బీ చెప్పుకునేవాడు. చేతిలో ఉన్నది ఒకే ఒక కారు. పత్రికలవారు పరీక్షకు వచ్చినప్పుడల్లా దానికి కొత్త రంగు వేయించి ఇచ్చేవారు. చూసినవారికి అనేక కార్లు తయారవుతున్నట్లు తోచింది.

ఈ ఎనిమిది గంటల కథ అందరికీ తెలుసు. ఇంజను మార్పిడి ఒక్క ఆదివారం పని అని నేటికీ కుర్రాళ్ళు అనుకోవడానికి సగం కారణం ఈ కథే. ఆ తరువాత పట్టిన మూడేళ్ళ సంగతి చెప్పేవారు తక్కువ.

మొదట డిఫరెన్షియల్. రెండు లీటర్ల ఇంజనుకు చేసినది వి-8 తిప్పుడు బలానికి ఆగదని, ఏ.సి. వారు ముందే దాన్ని తీసి గట్టి సాలిస్‌బరీ డిఫరెన్షియల్ వేశారు. అయినా 1962 అక్టోబరులో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ పందెంలో, బిల్ క్రాస్ నడుపుతున్న కోబ్రా కొత్త కార్వెట్ల కంటే ముందు పోతూ పోతూ వెనక చక్రం ఇరుసు భాగం విరిగి నిలిచిపోయింది. మనం మొదట అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ వచ్చింది. ఇరుసు ఆగలేదు. వారు ఆ భాగాన్ని గట్టిది చేయించారు. 1963 జనవరిలో అదే రివర్‌సైడ్‌లో డేవ్ మెక్‌డోనాల్డ్ మొదట, కెన్ మైల్స్ రెండవ స్థానంలో వచ్చారు. ఆ తరువాత ఇంజను 4.7 లీటర్లకు పెరిగింది. పాత తరహా స్టీరింగు పోయి, చురుకైన ర్యాక్ అండ్ పినియన్ వచ్చింది. ఒక్కొక్క పందెమూ ఒక్కొక్క బలహీనతను చూపింది, ఒక్కొక్కటే సరిచేశారు.

ఇంతలో ఆశ పెరిగింది. 4.7 లీటర్లతో ఇంత అయితే, ఫోర్డు వారి 7 లీటర్ల పెద్ద ఇంజను పెడితే ఎంత? ఆ బ్రహ్మాండమైన ఇంజనును పాత చట్రంలోనే ఇరికించి, 1964 సెబ్రింగ్ పందానికి పట్టుకుపోయారు. నడిపినవాడు కెన్ మైల్స్. ఆయనకంటే కారు మనసెరిగినవాడు ఆ బృందంలో లేడు. అయినా సాధన పరుగులోనే ఆ కారు అదుపు తప్పి చెట్టుకు గుద్దుకుంది. రాత్రికి రాత్రి బాగుచేసి పందెంలో దించితే, చివరకు ఇంజనే చెడి ఆగిపోయింది. ‘కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది’ అన్న సామెత ఇలాంటి సందర్భానికే పుట్టి ఉంటుంది.

ఆ దెబ్బతో అందరికీ అర్థమైంది. పెద్ద ఇంజను కావాలంటే కొత్త చట్రం కావాలి. గొట్టాల మందం మూడంగుళాల నుంచి నాలుగంగుళాలకు పెంచారు. అడ్డ కమాను పట్టీలు తీసివేసి, చుట్ట స్ప్రింగులు పెట్టారు. ఆ అమరికను ఫోర్డు ఇంజనీర్లు కంప్యూటరు సాయంతో లెక్కగట్టారు. 1965లో వచ్చిన ఆ 7 లీటర్ల కోబ్రా పైకి చూస్తే పాతదానిలాగే ఉంటుంది, లోపల దాదాపు వేరే కారు.

అసలు విజయం మాత్రం ఈ పెద్ద ఇంజను వల్ల రాలేదు. ఐరోపా పందెపు బాటల మీద పొడవైన సూటి రోడ్లుంటాయి. అక్కడ తెరిచి ఉండే కోబ్రాకు గాలే గోడ అయ్యేది. ఎంత శక్తి పోసినా ఫెరారీని అందుకోలేకపోయేది. పీటర్ బ్రాక్ అనే యువకుడు 4.7 లీటర్ల పాత ఇంజనునూ పాత చట్రాన్నీ అలాగే ఉంచి, పైన గాలిని చీల్చుకుపోయే మూత శరీరాన్ని గీశాడు. దానికి డేటోనా కూపే అని పేరు. మొత్తం ఆరు చేశారు. వాటిలో అయిదింటి శరీరాలు తయారైనది ఫెరారీ ఇలాకా అయిన ఇటలీలోని మొడీనా పట్నంలోనే. 1964 లెమాన్‌లో డాన్ గర్నీ, బాబ్ బాండురాంట్ నడిపిన డేటోనా తన తరగతిలో మొదటిది, మొత్తం మీద నాలుగవది అయింది. 1965 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, ఫ్రాన్సులోని రీమ్స్‌లో షెల్బీ బృందం పెద్ద జి.టి. కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను ఖాయం చేసుకుంది. ఫెరారీ నుంచి ఆ కిరీటం తెచ్చినది చట్రం, ఇరుసు, స్టీరింగు, గాలి కోత అన్నీ ఒకదానికొకటి కుదిరిన చిన్న ఇంజను కారు.

తోబుట్టువులు

కోబ్రా విజయం చూసి మరికొందరు అదే బాట పట్టారు. ఇంగ్లండులో రూట్స్ కంపెనీ వారి సన్‌బీమ్ ఆల్పైన్ అందమైన కారే కాని మందకొడి. షెల్బీ షాపులో దానికి కూడా ఫోర్డు 4.2 లీటర్ల ఇంజను అమర్చి చూశారు. 1964లో అది సన్‌బీమ్ టైగర్‌గా విడుదలైంది. ఇంజను ఎంత ఇరుకుగా కూర్చుందంటే, వెనకనున్న ఒక స్పార్క్ ప్లగ్గు తీయడానికి కారు లోపలి వైపు నుంచి గోడకు కన్నం పెట్టవలసి వచ్చింది. దాదాపు ఏడు వేల కార్లు అమ్మారు. కాని రూట్స్ కంపెనీ క్రమంగా క్రైస్లర్ చేతిలోకి పోయింది. తమ కారులో పోటీదారు ఫోర్డు ఇంజను ఉండడం క్రైస్లర్ వారికి నచ్చలేదు. వారి సొంత వి-8 ఆ ఇరుకులో పట్టలేదు. 1967లో టైగర్ ఆగిపోయింది. దాన్ని ఆపింది కొద్ది అంగుళాల చోటు.

ఎం.జి.బి. కథ ఇంకొక రకం. అమెరికాలో బ్యూక్ కంపెనీ 1961లో 3.5 లీటర్ల అల్యూమినియం వి-8 చేసి, 1963తో వదిలేసింది. ఇంగ్లండు రోవర్ కంపెనీ ఆ ఇంజను హక్కులు కొని, 1967 నుంచి తన కార్లలో వాడింది. కెంట్ జిల్లాలో కెన్ కాస్టెల్లో అనే పందెగాడు దాన్ని ఎం.జి.బి.లో పెట్టి చూశాడు. ఆ కారులోని నాలుగు సిలిండర్ల ఇంజను ఇనుముది గనుక, ఎనిమిది సిలిండర్ల అల్యూమినియం ఇంజను దానికంటే బరువు కాలేదు. ఆయన చిన్న షాపు చేసిన పని చూసి కంపెనీయే 1973లో ఎం.జి.బి. జి.టి. వి-8 అని సొంతంగా విడుదల చేసింది. ఆ ఏడే చమురు సంక్షోభం వచ్చిపడింది. 1976 వరకు 2,591 కార్లు చేసి ముగించారు. అమెరికాలో అక్కరలేదని పారేసిన ఇంజను మాత్రం ఇంగ్లండులో రోవర్, రేంజ్ రోవర్ కార్లలో దశాబ్దాల తరబడి బ్రతికింది.

నేటి విద్య

ఇప్పటి కుర్రాళ్ళు వాడే గుండె వేరు. 1997లో షెవర్లే కార్వెట్‌తో ‘ఎల్.ఎస్. 1’ అనే 5.7 లీటర్ల అల్యూమినియం వి-8 వచ్చింది. 345 అశ్వశక్తి. పెద్ద కంపెనీలన్నీ వాల్వులను ఆడించే క్యామ్‌షాఫ్టులను సిలిండర్ల నెత్తికెక్కిస్తున్న కాలంలో, జనరల్ మోటార్స్ ఇంజనీర్లు పాత పద్ధతిలో ఒకే క్యామ్‌షాఫ్టును ఇంజను మధ్యలో ఉంచారు. అందువల్ల ఇంజను నెత్తి చిన్నదయింది. ఇరుకు బానెట్ల కింద సులువుగా దూరుతుంది. ఆ కుటుంబానికే చెందిన ఇంజన్లు లక్షలాది ట్రక్కులలో వచ్చాయి గనుక, పాత సామాన్ల యార్డులలో సరసమైన ధరకు దొరుకుతాయి. డాట్సన్ 240జెడ్, మాజ్డా ఆర్.ఎక్స్. 7, పోర్షే 944, చివరకు చిట్టి మాజ్డా మియాటా దాకా ఆ ఇంజను ఎక్కని పాత స్పోర్ట్స్ కారు అరుదు.

మియాటానే తీసుకుందాం. 1989లో వచ్చినప్పుడు దాని 1.6 లీటర్ల ఇంజను శక్తి 116. బరువు సుమారు ఒక టన్ను. దానిలో 345 అశ్వశక్తి పెడితే మూడు రెట్లయింది. ఇక్కడే షెల్బీ మూడేళ్ళ పాఠం పనికి వస్తుంది.

మొదట ఆపడం గురించి ఆలోచించాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి 160కి పెరిగితే, వేగం ఒకటిన్నర రెట్ల పైచిలుకు. బ్రేకులు మింగవలసిన శక్తి మాత్రం రెండున్నర రెట్లు. అది వేగపు వర్గంతో పెరుగుతుందని మనం హైస్కూలులో చదువుకున్నదే. పందెపు బాట మీద ప్రతి మలుపు ముందూ ఆ వేడిని దిగమింగాలి. పాత డిస్కులూ, పాత ప్యాడ్లూ కొద్ది చుట్లలోనే కాలిపోతాయి. బ్రేకు నూనె మరిగి, పెడలు నేలకంటుతుంది. రెండవది ఇరుసు: మియాటా డిఫరెన్షియల్ పనికిరాదు, పెద్ద కారుది తెచ్చి అమర్చాలి. మూడవది చల్లదనం: పెద్ద రేడియేటరు పెడితే చాలదు, దాని గుండా గాలి వచ్చి బయటకు పోయే దారి ఉండాలి.

నాలుగవది రోడ్డు మీద ఎప్పుడూ కనబడనిది, నూనె. పొడవైన మలుపులో కారు చాలాసేపు ఒక పక్కకు లాగబడుతుంది. సంప్‌లోని నూనె అంతా ఆ పక్కకు చేరి, పంపు గాలిని పీలుస్తుంది. కొన్ని క్షణాల్లో బేరింగులు అరిగి ఇంజను పోతుంది. అందుకే సంప్‌లో అడ్డుగోడలు పెట్టడమో, నూనెను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ అమర్చడమో చేస్తారు. అయిదవది కొత్త కాలపు చిక్కు, వైరింగు. ఈ ఇంజనుకు కంప్యూటరే మెదడు. దానికి ఆక్సిజన్ సెన్సారు, థ్రాటిల్, ఇంధన పంపు అన్నీ సరైన మాటలు చెప్పకపోతే, ఎంత బలమైన ఇంజనైనా ముక్కుతూ మూలుగుతూ ఉంటుంది. చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, మనిషి రక్షణ: పల్టీ కొట్టినా నలగని ఉక్కు పంజరం, గట్టి సీటు, బెల్టులు, మంటలార్పే సీసా.

రోడ్డు మీద కూడా తిప్పాలంటే చట్టం ఉంది. కాలిఫోర్నియాలో, మార్చి వేసే ఇంజను కారు తయారైన సంవత్సరానిదో, అంతకు తరువాతిదో అయి ఉండాలి. దానికి వచ్చిన పొగ నియంత్రణ పరికరాలన్నీ ఉండాలి. రెఫరీ చూసి ముద్ర వేయాలి. పందెపు బాటకే పరిమితమైన కారుకు ఆ బాధ తక్కువ, ట్రెయిలరు ఖర్చు ఎక్కువ.

అందుచేత తల్లిదండ్రులకు మా మనవి ఒకటి. మీ అబ్బాయో, అమ్మాయో గరాజులో ఈ పనికి పూనుకున్నప్పుడు ఎంత అశ్వశక్తి వస్తుందని అడగకండి. అది వాళ్ళే చెబుతారు, అడగకపోయినా చెబుతారు. బ్రేకులు ఏవి వేస్తున్నావు, ఇరుసు ఏది, నూనెకేమి ఏర్పాటు, పంజరానికి డబ్బు వేరుగా తీసి పెట్టావా అని అడగండి. వీటికి జవాబు ఉంటే ఆ పిల్లకు పని తెలుసు, ధైర్యంగా ఉండవచ్చు. జవాబు లేకపోతే డబ్బూ ప్రాణమూ రెండిటికీ ముప్పే. ఇంజను కొనడం సగం ఖర్చు కూడా కాదని పిల్లలూ ముందే తెలుసుకోవాలి.

అసలు ఏది?

ఇక మిగిలింది ఒక వాదం. పాత కారును కోసి, వేరే ఇంజను పెట్టడం చరిత్రకు ద్రోహమని చాలామంది పెద్దలంటారు. వారి మాటలో న్యాయముంది. మిగిలినవే కొద్ది అయిన కారును, పుట్టినప్పటి భాగాలన్నీ చెక్కుచెదరక ఉన్నదాన్ని, రంపం పెట్టి కోయడం దేవాలయపు శిల్పాన్ని చెక్కి గట్టురాయి చేసుకోవడమే. అటువంటి పని ఎవరు చేసినా మేము సమర్థించం. కాని లక్షల్లో తయారై, ఇంజను చెడి, పాత ఇనుముకు పోవలసిన కారుకు వేరొక గుండె పెట్టి బ్రతికిస్తే తప్పేమిటి?

పైన చెప్పిన ఏస్-బ్రిస్టల్ మాట ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఈనాడు అసలు అని పిలిచేది నిన్నటి మార్పిడే. జర్మన్ ఇంజను ఇంగ్లండుకు వచ్చి స్థిరపడి, దాని స్థానంలో అమెరికా ఇంజను వచ్చి కోబ్రా అయింది. 1960లలో అసలైన కోబ్రాలు సుమారు వెయ్యి మాత్రమే తయారయ్యాయి. వాటిని చూసి చేసిన అనుకరణలు దానికి ఎన్నో రెట్లు. ఆ ఎనిమిది గంటల మార్పిడి కారు, సి.ఎస్.ఎక్స్. 2000, 2016లో కాలిఫోర్నియాలోని మాంటెరీ వేలంలో 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. వేలంలో ఒక అమెరికా కారుకు అంత ధర అంతవరకు పలకలేదు. అందులోంచి ఆ ఫోర్డు ఇంజనును ఊడదీస్తానని ఈనాడు ఎవరైనా అంటే ఊరుకుంటారా? మార్పు బాగా కుదిరితే, కొంత కాలానికి అదే సంప్రదాయమవుతుంది. ఖండాలు దాటి వచ్చి, ఇక్కడి నేలలో వేళ్ళు పాతుకొన్న మనవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

కారల్ షెల్బీ జీవితంలో చివరి అధ్యాయం చెప్పి ముగిస్తాం. కార్లకు గుండెలు మార్చిన ఆ మనిషికి 1990లో గుండె మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. అకస్మాత్తుగా మరణించిన ఒక మనిషి గుండె ఆయనలో కొట్టుకోసాగింది. 1996లో ఆయన కొడుకు తన మూత్రపిండాన్ని ఇచ్చాడు. శరీరం పరాయి అవయవాన్ని అంత తేలికగా ఒప్పుకోదు. అది కుదురుకోవడానికి రోజూ మందు, రోజూ జాగ్రత్త కావాలి. సెబ్రింగ్‌లో కారు నేర్పిన పాఠమే ఆయన ఒంటి మీద మళ్ళీ చదువుకోవలసి వచ్చింది. అరువు గుండెతో ఆయన మరి ఇరవై రెండేళ్ళు బ్రతికి, 2012 మే 10న, ఎనభై తొమ్మిదవ ఏట కన్నుమూశాడు. ఆ మధ్యకాలంలో, అవయవ మార్పిడి అవసరమైన పిల్లల కోసం తన పేర ఒక ధర్మసంస్థ స్థాపించాడు. కొత్త గుండె ఇచ్చిన ఏళ్ళకు ఆయన అలా బాకీ తీర్చుకున్నాడు.

గరాజులలో దీపాలు పెట్టుకుని ఈ రాత్రి కూడా పని చేస్తున్న మన యువకులకు, యువతులకు పనివాడితనం, ఓపిక, క్షేమం కలగాలని ఈ ఉత్సవ సమయంలో మా ఆకాంక్ష.